ఎడమ పక్క

మేనేజరు గారి భార్య పగలు నిద్రపోతుంది. తెనాలిలో ఆ వీధంతటికీ ఆ సంగతి తెలుసు. కొరియరు కుర్రాడు నాలుగుసార్లు బెల్లు కొట్టి చూసి, పార్శిలు పక్కింట్లో ఇచ్చి పోతాడు. వరలక్ష్మీ వ్రతానికి ఎవరు పిలిచినా ఆవిడ వెళుతుంది. కథ సగంలో ఉండగానే అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని కునుకు తీస్తుంది. మనవడి పుట్టినరోజు వీడియోలో అందరూ చప్పట్లు కొడుతుంటే, వెనక సోఫాలో ఆవిడ తల ఒక పక్కకి వాలి ఉంటుంది. ఇంట్లోవాళ్ళు ఊర్మిళాదేవి అని పేరు పెట్టారు. అల్లుడు కూడా అదే పేరుతో పిలుస్తాడు, ఆవిడ వినకుండా.

ఆవిడ వింది. నవ్వి ఊరుకుంది.

ఒకరోజు పొద్దున పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. గ్యాసు వాసన హాల్లోకి వచ్చాక మేనేజరు గారు పేపరు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళారు. ఆవిడ గట్టుకి ఆనుకుని, నిలబడే నిద్రపోతోంది. చేతిలో గరిటె ఉంది.

"గుర్రాలు నిలబడి నిద్రపోతాయని చదివాను. మనిషిని చూడటం ఇదే మొదలు" అని ఆయన హైదరాబాదులో ఉన్న కూతురికి ఫోను చేసి చెప్పారు.

"ముందు అమ్మని డాక్టరుకి చూపించండి నాన్నా" అంది కూతురు.

ఆయన బ్యాంకు మనిషి. కాగితం మీద పెట్టందే ఏ పనీ మొదలుపెట్టరు. ఒక నోటుపుస్తకం తీసి వారం రోజులు భార్య నిద్ర రాశారు. సోమవారం, టిఫిను తర్వాత 20 నిమిషాలు. మంగళవారం, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ 15 నిమిషాలు, సీరియల్ మొదలైన దగ్గర్నుంచి అయిపోయేదాకా. బుధవారం, గుళ్ళో. రాత్రిపూట పదింటి నుంచి ఐదింటి దాకా 7 గంటలు. అన్నీ కలిపి కింద గీత గీసి టోటల్ వేశారు. ఏ రోజూ 9 గంటలకు తగ్గలేదు.

రాత్రి 7 గంటల లెక్కకు ఆయన దగ్గర ఆధారం ఉంది. తాను పడుకునేటప్పుడు ఆవిడ పక్కన పడుకుని ఉంది. తాను లేచేటప్పుడూ పక్కన పడుకునే ఉంది.

నిద్ర గురించి మాట్లాడే అర్హత తనకుందని ఆయన నమ్మకం. పదింటికి ఎడమ పక్కకు తిరిగి పడుకుంటారు. ఐదింటికి ఎడమ పక్క మీదే లేస్తారు. మధ్యలో పొర్లడం లేదు, కలవరించడం లేదు. పొద్దున్నే నడకకు వచ్చే స్నేహితులు నిద్ర పట్టలేదని ఎవరు అన్నా, ఆయన ఆగి, వాళ్ళనూ ఆపి, పక్కకు పడుకోవడం ఎలాగో చెబుతారు.

ఈ విద్య ఆయనకు ఇరవై ఏళ్ళ కిందట అబ్బింది. అప్పుడు గుంటూరు బ్రాంచిలో పని. ఆడిట్‌కు వచ్చినాయనతో ఒక రాత్రి గెస్ట్‌హౌస్ గది పంచుకోవలసి వచ్చింది. పొద్దున ఆ ఆడిటరు, "మీ పక్కన పడుకోవడం కంటే ప్లాట్‌ఫారం మీద పడుకోవడం నయం సార్" అన్నాడు. మేనేజరు గారికి అది అవమానంగా తోచింది. తాను గురక పెడతానన్న మాట అంతకుముందు ఆఫీసులో ఎవరూ అనలేదు. ఇంట్లో అంటే అది వేరు.

ఆ నెలలోనే పేపర్లో ఆరోగ్యం పేజీ కనిపించింది. వెల్లకిలా పడుకుంటే నాలుకా కొండనాలుకా బరువుకి వెనక్కి జారి గాలి దారిని ఇరుకు చేస్తాయనీ, పక్కకు తిరిగితే దారి తెరుచుకుంటుందనీ అందులో ఉంది. ఆయన ఆ పేజీ మొత్తం భార్యకు చదివి వినిపించారు. ఆ రాత్రి నుంచీ ఎడమ పక్కే.

దానికి తగ్గ ఏర్పాట్లు కూడా ఆయనే కనిపెట్టారు. తల కింద దిండు, చెవికీ భుజానికీ మధ్య ఎంత జాగా ఉంటుందో అంత ఎత్తు ఉండాలి. తక్కువైతే మెడ కిందికి వాలుతుంది, ఎక్కువైతే పైకి విరుగుతుంది. మోకాళ్ళ మధ్య ఒక దిండు, లేకపోతే పై కాలు ముందుకు జారి నడుము మెలిపడుతుంది. ఛాతీ దగ్గర ఒకటి, పై చెయ్యి దాని మీద వెయ్యడానికి. కింది చెయ్యి ఒంటి కిందికి పోకూడదు, తిమ్మిరెక్కుతుంది. కాస్త ముందుకు చాపుకోవాలి.

వీపు వెనక ఆనుకోవడానికి బూరుగు దూదితో ఒక గుండ్రటి దిండు కూడా కుట్టించారు. పొద్దున లేచేసరికి అది నేల మీద ఉండేది. దానితో తనకు అవసరం లేదనడానికి అదే రుజువని తీసేశారు. బనీను వీపుకి జేబు కుట్టి అందులో టెన్నిస్ బంతి పెట్టుకునే పద్ధతి విదేశాల్లో ఉందని చదివి, భార్య చేత జేబు కుట్టించారు. వెల్లకిలా తిరగబోతే బంతి గుచ్చుకుని మళ్ళీ పక్కకు తిప్పుతుంది. నాలుగు రోజులు చూసి, ఎటూ ఎడమ పక్క మీదే లేస్తున్నాను కదా అని బంతి పక్కింటి పిల్లాడికి ఇచ్చేశారు.

భార్యకు కూడా చెప్పి చూశారు. ఎడమ పక్కకు తిరిగి పడుకో, తిన్నది అరుగుతుంది, పులితేన్పులు రావు అని. ఆవిడ కుడి పక్కకే పడుకుంటుంది. మంచం మీద ఆయనకు ఎడమ వైపు ఆవిడ చోటు. ఆయన ఇటు తిరిగితే ఆవిడ అటు తిరగాలి, తిరగదు. కుడి భుజం నొప్పి అని పొద్దున నూనె రాసుకుంటుంది, రాత్రికి మళ్ళీ ఆ భుజం మీదే పడుకుంటుంది. ఎముకల డాక్టరు కూడా పక్క మార్చమన్నాడు. మార్చలేదు.

"మొండితనానికి మందు లేదు" అని మేనేజరు గారు ఆ డాక్టరుతోనే అన్నారు.

ఇన్ని విషయాల్లో నెగ్గిన మనిషికి ఒక్కటే కొరత. బనీన్లు.

ఏ కంపెనీ బనీను తెచ్చినా రెండు మూడు నెలల్లో కుడి భుజం దగ్గర సాగిపోతుంది. ఆ తర్వాత కుట్టు ఊడుతుంది. ఎడమ భుజం చూస్తే కొత్తదానిలా ఉంటుంది. చేతుల బనీన్లు కొన్నారు, చేతుల్లేనివి కొన్నారు. తిరుప్పూరు నుంచి తెప్పించారు. ఖరీదైనవి కొన్నారు, చవకవి కొన్నారు. అన్నీ కుడి భుజం దగ్గరే పోయాయి. ఒకసారి చిరిగిన బనీను తీసుకెళ్ళి కొట్లో బల్ల మీద పరిచారు.

"ఆ భుజానికి సంచీ ఏదైనా తగిలిస్తారా సార్?" అన్నాడు కొట్టాయన.

"బ్యాంకు మేనేజరు భుజానికి సంచీ తగిలిస్తాడా?"

కొట్టాయన బనీను అటూ ఇటూ తిప్పి, దీపం కింద పెట్టి చూశాడు. "ఇది అరిగింది కాదండీ. లాగితే పోయింది" అన్నాడు. మేనేజరు గారు ఆ కొట్టు మానేశారు. తర్వాత కంపెనీకి ఉత్తరం రాశారు, ఫోటో జతపరిచి. కంపెనీ క్షమాపణ చెప్పి రెండు కొత్త బనీన్లు పంపింది. అవి కూడా దసరాకి కుడి భుజం దగ్గర పోయాయి. ఎప్పటికప్పుడు ఆవిడే కుట్టి ఇస్తుంది. కుట్టేటప్పుడు సూది చేతిలో ఉండగానే కునుకుపాటు వస్తుందని నోటుపుస్తకంలో శుక్రవారం కింద రాసి ఉంది.

విజయవాడ సూర్యారావుపేటలో ఊపిరితిత్తుల డాక్టరమ్మ ఒకావిడ నిద్ర జబ్బులు కూడా చూస్తుంది. అక్కడికి తీసుకెళ్ళారు.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. ఎనిమిది ప్రశ్నలు. 1991లో ఆస్ట్రేలియాలో ఒక డాక్టరు తయారుచేసినది, ప్రపంచమంతా అదే వాడతారు. చదువుకుంటున్నప్పుడు కునుకు వస్తుందా, టీవీ చూస్తున్నప్పుడు వస్తుందా, కారులో గంటసేపు కూర్చుంటే వస్తుందా, ఇలా. ఒక్కోదానికి సున్నా నుంచి 3 మార్కులు. 10 దాటితే ఆలోచించాలి.

కాగితం ఆవిడకిచ్చారు. పెన్ను మేనేజరు గారి దగ్గర ఉంది.

"ఎవరితోనైనా కూర్చుని మాట్లాడుతున్నప్పుడు?" అని ఆయనే చదివి, "నాతో మాట్లాడుతున్నప్పుడు 3 వెయ్యొచ్చు" అని ఆయనే వేశారు. మొత్తం 19 వచ్చింది.

"గురక పెడతారా?" అని డాక్టరమ్మ ఆవిణ్ణి అడిగింది.

"నేనెప్పుడూ వినలేదు" అన్నారు మేనేజరు గారు.

"నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?"

"నేను చూడలేదు."

"రాత్రి మధ్యమధ్య మెలకువ వస్తుందా?"

"ఎందుకొస్తుందండీ, ఏడు గంటలు..."

"వస్తుందండీ" అంది ఆవిడ.

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదండీ."

డాక్టరమ్మ టేపు తీసి ఆవిడ మెడ కొలిచింది. 13 అంగుళాలు. మెడ 16 అంగుళాలు దాటితే గాలి దారి మీద అనుమానం పెట్టుకోవాలని చెప్పి, టేపు చుట్టుకుంటూ ఒకసారి మేనేజరు గారి మెడ వైపు చూసింది. ఆయన చొక్కా పై గుండీ పెట్టుకోరు. పట్టదు.

"ఒక రాత్రి ఇక్కడ పడుకోబెట్టి పరీక్ష చెయ్యాలి" అంది. "తోడు ఒకరు ఉండొచ్చు."

ఆ రోజు రైల్లో మేనేజరు గారు దుప్పటి మూట ఒకటి పట్టుకుని కూర్చున్నారు. అందులో దిండ్లున్నాయి. ఎదుటి సీటాయన "ఎవరికండీ ఒంట్లో బాగాలేనిది?" అని అడిగాడు. మేనేజరు గారు పక్కకు చూపించారు. ఆవిడ కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది.

పరీక్ష గది లాడ్జి గదిలా ఉంది. టెక్నీషియన్ అమ్మాయి ఆవిడ తల మీద పాయలు తీసి జిగురుతో తీగలు అంటించింది. కళ్ళ పక్కన రెండు, గడ్డం కింద, పిక్కల మీద. ఛాతీకీ పొట్టకీ బెల్టులు. ముక్కు దగ్గర సన్న గొట్టం. గొంతు మీద గురక పట్టే బిళ్ళ. ఏ పక్కకు తిరిగి పడుకున్నదీ చెప్పే చిన్న పెట్టె ఛాతీ మీద. ఎడమ చూపుడు వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు. చీకట్లో కూడా చూసే కెమెరా గోడ మీద ఉంది. ఒక్కొక్కటీ ఎందుకో మేనేజరు గారు అడిగి రాసుకున్నారు.

ఆవిడ ఒక్కటే అడిగింది. "తోడు మంచం అంత దూరం ఉందేమమ్మా? కాస్త ఇటు జరుపుతావా?"

"ఎటు ఆంటీ?"

"నా కుడి పక్కకి. చెయ్యి అందేలా."

"కొత్తచోటు కదా, భయం" అన్నారు మేనేజరు గారు టెక్నీషియన్‌తో. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం కాస్త విప్పారింది.

పదింటికి చొక్కా విప్పి మేకుకి తగిలించి, దిండ్లు వేటి చోట అవి సర్ది, ఎడమ పక్కకు తిరిగి పడుకున్నారు. పది నిమిషాల్లో నిద్ర పట్టింది.

పక్క గదిలో టెక్నీషియన్ తెర ముందు కూర్చుంది. 10:50కి ఆక్సిజన్ గీత ఉన్నట్టుండి చెదిరిపోయింది. కొన్ని సెకన్లకు మళ్ళీ వచ్చింది. 11:05కి మళ్ళీ. పన్నెండు అయ్యేసరికి ఐదారుసార్లు పోయి వచ్చింది. అమ్మాయి చిన్న లైటు పట్టుకుని లోపలికి వెళ్ళింది. పేషెంటు కుడి పక్కకు తిరిగి కళ్ళు మూసుకుని ఉంది. తోడు వచ్చినాయన ఎడమ పక్కకు తిరిగి ఉన్నారు. క్లిప్పు మీద టేపు వేసి వచ్చింది. గీత మళ్ళీ పోయింది. రెండింటికి క్లిప్పే మార్చింది. మళ్ళీ పోయింది. నాలుగింటికి డ్యూటీ కాగితంలో, "క్లిప్పు నిలవడం లేదు. పేషెంటు నిద్రలో చెయ్యి విసురుతున్నట్టుంది" అని రాసింది.

ఐదింటికి మేనేజరు గారు లేచారు. "ఇంట్లో పట్టినట్టే పట్టింది" అన్నారు. తలలో జిగురు కడిగించుకోవడానికి కుర్చీలో కూర్చున్న ఆవిడ, నీళ్ళు వచ్చేలోపు నిద్రపోయింది.

"చూశావా అమ్మా? రాత్రంతా పడుకుని" అన్నారాయన టెక్నీషియన్‌తో.

వారం తర్వాత రిపోర్టుకి వెళ్ళారు.

"ఈవిడ ఊపిరి బాగుంది" అంది డాక్టరమ్మ. "నిద్రలో 10 సెకన్లు, ఆ పైన గాలి ఆగితే ఒకసారి కింద లెక్క. గంటకి 5 లోపు ఉంటే భయం లేదు. ఈవిడకు ఒకటి కూడా లేదు. ఆక్సిజన్ 95కి ఎక్కడా తగ్గలేదు."

"మరి నిద్ర?"

"మంచం మీద 7 గంటలున్నారు. నిద్రపోయింది 2 గంటల 50 నిమిషాలు."

మేనేజరు గారు నవ్వారు. "మీ మిషను ఎక్కడో తప్పింది."

"మా అమ్మాయి ఇంకొకటి రాసింది, నిద్రలో చెయ్యి విసురుతున్నారని. అలాంటి జబ్బు ఒకటుంది. కలలు వచ్చే నిద్రలో ఒళ్ళు కదలకుండా మెదడే కట్టేసి ఉంచుతుంది. ఆ కట్టు తప్పితే, కలలో చేసే పని చేతులు చేసేస్తాయి. పక్కన పడుకున్నవాళ్ళకు దెబ్బలు తగులుతాయి."

మేనేజరు గారు నోటుపుస్తకం తెరిచారు. "దాని పేరేమిటండీ?"

"రెమ్ స్లీప్ బిహేవియర్ డిజార్డర్ అంటారు. కానీ ఈవిడకున్నది అది కాదు."

అప్పటికే ఆయన రాసుకున్నారు.

"ఆ జబ్బులో మనిషి నిద్రలోనే ఉంటుంది. ఈవిడ చెయ్యి కదిలిన ప్రతిసారీ మెలకువగా ఉంది. తల మీది తీగలు ఆ సంగతి చెబుతున్నాయి. ఇంకొక చిత్రం. గది మైకులో గురక వినిపిస్తోంది. ఈవిడ గొంతు మీద బిళ్ళలో లేదు."

డాక్టరమ్మ కంప్యూటరు తెర వాళ్ళ వైపు తిప్పింది.

తెర బూడిదరంగులో ఉంది. మూలన గడియారం సెకన్లు లెక్కపెడుతోంది. రెండు మంచాలు. ఆవిడ కుడి పక్కకు, ఆయన ఎడమ పక్కకు. కొంతసేపటికి ఆయన ఛాతీ దగ్గర దిండు వదిలేసి వెల్లకిలా తిరిగారు. గురక మొదలైంది. స్పీకరు సన్నగా అదిరింది. ఆవిడ కదల్లేదు. గురక పెరిగింది. ఆవిడ కదల్లేదు.

గురక ఆగింది.

ఆయన పొట్ట లేస్తోంది, పడుతోంది. చప్పుడు లేదు. మూలన సెకన్లు తిరుగుతున్నాయి. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో సెకనుకి ఆవిడ కళ్ళు తెరుచుకున్నాయి. దుప్పటి కింది నుంచి ఎడమ చెయ్యి బయటికి వచ్చింది. వేలి చివర క్లిప్పు తెల్లటి చుక్కలా వెలుగుతోంది. ఆ చెయ్యి రెండు మంచాల మధ్య జాగా దాటి, ఆయన ఛాతీ మీదుగా వెళ్ళి, బనీను కుడి భుజం దగ్గర గుప్పిట పట్టుకుని లాగింది. ఆయన ఒక్కసారి గట్టిగా గాలి పీల్చుకుని, ఎడమ పక్కకు ఒరిగారు. చెయ్యి వెంటనే వెనక్కి రాలేదు. రెండు మూడు ఊపిర్ల దాకా ఆ భుజం మీదే ఉంది. తర్వాత జారిన దిండు ఆయన చేతికిందికి నెట్టి, దుప్పట్లోకి వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

డాక్టరమ్మ ముందుకు జరిపింది. మళ్ళీ చెయ్యి. మళ్ళీ జరిపింది. మళ్ళీ చెయ్యి.

"ఇలాంటివి 41 ఉన్నాయి. అన్నీ చూస్తారా?"

మేనేజరు గారు తెరకు దగ్గరగా వంగి చూస్తున్నారు.

"అది పోయిన నెల కొన్న బనీను" అన్నారు.

డాక్టరమ్మ ఆవిడ వైపు తిరిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"గుంటూరులో ఉన్నప్పటి నుంచండీ. పక్కకు తిరిగితే గాలి ఆడుతుందని పేపర్లో పడింది. ఆయనే చదివి వినిపించారు."

"గురకకి మెలకువ వచ్చేస్తుందా?"

"గురకకి నిద్ర పడుతుందండీ. ఆగితే మెలకువ వస్తుంది."

"ఆయనకు చెప్పలేదా?"

"చెప్పానండీ. నేను ఎడమ పక్కకు పడుకుంటాను, నాకు గురక రాదన్నారు."

డాక్టరమ్మ మేనేజరు గారికి వివరంగా చెప్పింది. కొందరికి పక్కకు పడుకున్నప్పుడు ఊపిరి బాగానే ఉండి, వెల్లకిలా తిరిగినప్పుడు రెండింతలు, అంతకుమించీ ఆగుతుందనీ, చూడబోతే ఆయనది అదే బాపతనీ, ఇరవై ఏళ్ళుగా ఎవరో తిప్పుతున్నారు కాబట్టి పగలు కునుకు లేకుండా తిరుగుతున్నారనీ చెప్పింది.

"బీపీ ఉందా?"

"ఉంది, రెండు మాత్రలు. అది బ్యాంకు ఇచ్చింది."

"ఈ జబ్బుకీ బీపీకీ చుట్టరికం ఉంది. గ్యాంగ్ లీడర్ పాటలు చేసిన బప్పీలహరి 2022లో పోయినప్పుడు ఆస్పత్రివాళ్ళు చెప్పిన కారణం ఇదే."

"ఆయన మెడలో అంత బంగారం ఉండేది కదండీ."

డాక్టరమ్మ కాసేపు ఆగింది. ఆయనకు కూడా ఒక రాత్రి పరీక్ష చెయ్యాలనీ, ఈసారి పక్కన ఎవరూ ఉండకూడదనీ చెప్పింది. జబ్బు తేలితే ముక్కుకి మాస్కు పెట్టి గాలి తోసే మిషను ఉంది, 1981లో సిడ్నీలో సలివన్ అనే డాక్టరు కనిపెట్టాడు, దానితో గాలి దారి మూసుకోదు అంది.

"1981లో నేను ప్రొబేషనరీ ఆఫీసరుని" అన్నారు మేనేజరు గారు. "మాస్కు పెట్టుకుంటే ఎడమ పక్కకు ఎలా పడుకోవడం?"

"పడుకోవచ్చు. దిండు మాస్కుని నొక్కితే గాలి పక్కనుంచి పోతుంది, అంతే. ముక్కు రంధ్రాల దగ్గరే ఆనే చిన్న మాస్కులున్నాయి. గొట్టం తల మీదుగా వెనక్కి వేసుకోవచ్చు. మాస్కు ఇమిడేలా చెంప దగ్గర గంటు పెట్టిన దిండ్లు కూడా దొరుకుతాయి."

"దిండా? ఎక్కడ దొరుకుతుంది?" అన్నారాయన. అది రాసుకున్నారు.

ఆవిడ చెయ్యి కాస్త ఎత్తింది, బళ్ళో పిల్లలు ఎత్తినట్టు. "ఆ మిషను పెట్టుకుంటే ఆగదాండీ?"

"ఆగదమ్మా. మీరు హాయిగా పడుకోవచ్చు."

"కరెంటు పోతే?"

డాక్టరమ్మ ఇన్వర్టరు గురించి చెప్పింది. ఆవిడ చివరిదాకా వినలేదు. కుర్చీలోనే తల వాలిపోయింది. మేనేజరు గారు మోచేత్తో పొడిచి లేపారు. డాక్టరమ్మ రాసిచ్చిన పరీక్ష చీటీని మడిచి నోటుపుస్తకంలో పెట్టుకున్నారు. దారిలో దిండు కొన్నారు.

మర్నాడు నడకలో స్నేహితులు అడిగారు, అంత ఖర్చు పెట్టి పరీక్ష చేయించారు కదా, ఏం తేలింది అని.

మేనేజరు గారు ఆగారు. వాళ్ళనూ ఆపారు.

"ఊపిరి బాగుందట. ఆక్సిజన్ బాగుందట. ఉన్నదల్లా ఒక్కటే, నిద్రలో పక్కవాళ్ళ మీద చెయ్యి చేసుకునే జబ్బు. నేనూ నమ్మలేదు, వీడియో చూపించారు. ఒక్క రాత్రిలో 41 సార్లు. ఇరవై ఏళ్ళుగా భరిస్తున్నాను" అన్నారు.